తిప్పి కొలిచిన నక్షత్రం

సవ్రినిసో తన ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో కొన్ని వేల సంతకాలు పెట్టింది. కొలతలు రాసిన ప్రతి కాగితం కింద, కుడి మూలన, చిన్న గొలుసుకట్టు అక్షరాలతో. ఆ వేల సంతకాల్లో ఒక్కటి కూడా మా అబ్జర్వేటరీ గుట్ట మీద ఎవరికీ గుర్తు లేదు. పెట్టనని ఆవిడ మొండికేసిన ఒక్క సంతకం మాత్రం అందరికీ గుర్తే. ఇప్పటికీ టీ తాగేచోట ఆ మాట వస్తే సగం మంది ఆవిడ వైపు, సగం మంది డైరెక్టరు వైపు చేరి గొంతులు పెంచుతారు. నేను ఎటువైపో దాచుకునే ఓపిక నాకు లేదు, కాసేపట్లో మీకే తెలిసిపోతుంది.

ఆవిడ పందొమ్మిదో ఏట కోడలిగా గుట్ట కింది ఊరికి వచ్చింది. మొగుడు రజబ్ పామీరు రోడ్డు మీద లారీ నడిపేవాడు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అత్త మస్తురా సుజనీ కుట్టడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. పెళ్లికూతురి గదిలో గోడకు వేలాడదీసే ఆ పెద్ద కుట్టుపని గుడ్డ కోసం మూడూళ్ల వాళ్లు ఆమె గడప తొక్కేవారు. కోడలికి వారం తిరక్కుండానే సూది చేతికిచ్చింది. ఇల్లు గడవడానికి సవ్రి గుట్ట మీది అబ్జర్వేటరీలో ఊడ్చే పనికి కుదిరింది. మధ్యాహ్నం భోజనాల వేళ కిటికీ దగ్గర కూర్చుని అత్త ఇచ్చిన కుట్టుపని చేసుకునేది.

అప్పట్లో అక్కడ పెద్దాయన ఇగ్నాత్ సెమ్యోనోవిచ్ అనే ముసలి ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఒకరోజు కిటికీ పక్కన ఆగి, ఆమె పోగులు లెక్కపెట్టే తీరు చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, బొటనవేలు ముందుకు చాపు. ఎడమ కన్ను మూసి, వేలు ఆ స్తంభానికి ఎక్కడుందో చూడు. ఇప్పుడు కుడి కన్ను మూసి చూడు. ఏమైంది?"

"వేలు గెంతింది."

"వేలు గెంతిందా? సరిగ్గా చూసి చెప్పు."

సవ్రి మళ్లీ చూసింది. "వేలు ఎక్కడిదక్కడే ఉంది. చూసే కన్ను మారింది, అంతే."

"అయితే ఆ చీపురు పక్కన పడేసి నాతో రా," అన్నాడు ముసలాయన.

ఆ బొటనవేలి ఆటే నక్షత్రాల దూరం కొలిచే పని. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి వసంతంలో మనం ఒకచోట, శరత్తులో దానికి ఎదురుగా ఇంకోచోట ఉంటాం. ఆరు నెలల ఎడంతో ఒకే నక్షత్రాన్ని రెండుసార్లు గాజు పలకల మీద ఫోటో తీస్తే, అవే మన రెండు కళ్లు. దగ్గరి నక్షత్రమైతే వెనకాల ఉన్న మసక చుక్కల మధ్య రవ్వంత గెంతుతుంది. దూరపుదైతే కదలదు. గెంతు ఎంతో తెలిస్తే దూరం ఎంతో లెక్క కట్టొచ్చు. ఆ గెంతు మైక్రాన్లలో ఉంటుంది. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో రెండో మూడో ముక్కలు. సూక్ష్మదర్శినిలో కనిపించే సన్నటి దారాన్ని చుక్క నడిమధ్యకు తెచ్చి, మర తిప్పి, అంకె చదివి రాసుకోవాలి. రోజంతా అదే పని.

"ఇంత చిన్నదాన్ని కొలిచి ఏం చేసుకుంటారు దొమ్లో?" అని ఆమె మొదట్లోనే అడిగింది. పంతుళ్లను మా వైపు అలాగే పిలుస్తారు.

"దగ్గరి వాటి దూరం తెలిస్తే వాటి అసలు వెలుగెంతో తెలుస్తుంది. దాన్ని పట్టుకుని ఇంకా దూరపు వాటిని కొలుస్తాం. వాటిని పట్టుకుని గెలాక్సీలను కొలుస్తాం. మొత్తం మెట్లవరస. కింది మెట్టు నీ చేతిలో ఉంది. అది వంకరైతే పై వాళ్లంతా వంకరగానే ఎక్కుతారు, ఎక్కుతున్నట్టు వాళ్లకు తెలియదు కూడా."

ఆయన ఇంకొకటి నేర్పాడు. ప్రతి పలకనూ ఒకసారి కొలిచాక, దాన్ని తలకిందులుగా తిప్పి పెట్టి మళ్లీ మొదటి నుంచి కొలవాలి. ఎందుకంటే పెద్ద చుక్క నడిమధ్య ఎక్కడో మనిషి కంటికి కచ్చితంగా తెలియదు. ఒకరు దారాన్ని రవ్వంత ఎడమకు పెడతారు, ఇంకొకరు కుడికి. కావాలని కాదు, కంటి తీరే అంత. చిన్న చుక్కలతో ఆ ఇబ్బంది లేదు.

"నీ కన్ను అబద్ధం చెబుతుంది. పలక తిప్పితే అదే అబద్ధం రెండో వైపు చెబుతుంది. రెండూ కలిపితే అబద్ధం కొట్టుకుపోయి నిజం మిగులుతుంది. ఎంత తొందరున్నా తిప్పడం మాత్రం మానకు," అన్నాడు.

పన్నెండేళ్లు ఆమె మానలేదు. కొలిచేవాళ్లు రెండు వరుసల అంకెలూ రాసి ఇచ్చేవారు, వాటిని పోల్చి కలిపేది ముసలాయన ఒక్కడే. తర్వాత ముసలాయన పోయాడు. ఆయన కుర్చీలోకి తుగ్రల్ నియాజోవిచ్ వచ్చాడు. మా లోయ మనిషే, చురుకైనవాడు, అబ్జర్వేటరీ అంటే ప్రాణం పెట్టేవాడు. అతన్ని దొంగ అన్న వాళ్లతో నేను ఒప్పుకోను. అతనికున్న జబ్బు తొందర ఒక్కటే. మా గుట్టను మూసేస్తారని కేంద్రం నుంచి పుకార్లు వస్తున్న రోజులవి. ఏదో ఒక పెద్ద ఫలితం చూపించి, కొత్త టెలిస్కోపూ నీళ్ల గొట్టమూ గుట్ట మీదికి తెప్పించాలని అతని తాపత్రయం. వచ్చిన నెలలోనే ఒక ఆదేశం గోడకు అంటించాడు. ఇకనుంచి పలకలు తిప్పనక్కర్లేదు, ఒకసారి కొలిస్తే చాలు, అంతే సమయంలో రెండింతల పలకలు పూర్తవుతాయి అని. శరత్తు పలకల పెట్టె సవ్రినిసోకి, వసంతం పలకల పెట్టె ఎర్నా కార్లోవ్నాకి పంచాడు. అలా ఎందుకు పంచాడంటే, ఆ పెట్టెలు వేర్వేరు అరల్లో ఉన్నాయి, అంతే.

ఎర్నా కార్లోవ్నా సవ్రి కన్నా పదిహేనేళ్లు పెద్దది. యుద్ధకాలంలో వోల్గా ఒడ్డు నుంచి తరిమేసిన జర్మన్ల పిల్ల. కజక్ మైదానాల్లో పెరిగి మా గుట్టకు చేరింది. చొక్కా కాలరుకు ఎప్పుడూ గంజి. ఆమె కొలతల్లో తప్పు పట్టినవాడు అప్పటిదాకా పుట్టలేదు.

ఆ ఏడాది ఫలితాలు కూడితే ఒక నక్షత్రం గెంతింది. ఎర్రగా ఉండే నక్షత్రం, ఆ పలకల మీద పెద్ద చుక్కగా పడేది అదొక్కటే. అంతవరకూ దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. శరత్తు పలకలకూ వసంతం పలకలకూ మధ్య మూడు మైక్రాన్లు జరిగింది. లెక్క కడితే ముప్పై రెండు కాంతి సంవత్సరాలు. అంటే ఆకాశం లెక్కలో మన పక్కింటి మనిషి. తుగ్రల్ నియాజోవిచ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. జిల్లా పత్రికలో వార్త వచ్చింది. ఆదివారం పెద్ద కళాయిలో పలావు వండి ఊరందరికీ పెట్టారు. కేంద్రం నుంచి నిపుణుల బృందం వస్తుందన్నారు. దానికి ముందు కొలత కాగితం మీద కొలిచిన ఇద్దరి సంతకాలూ పడాలి. ఎర్నా కార్లోవ్నా అదే రోజు పెట్టేసింది. సవ్రినిసో పలావు గిన్నెలు కడగడంలో పడి, రేపు పెడతానంది.

ఆ రేపు రాలేదు. ఆ మధ్యాహ్నమే ఇంట్లో అత్త సుజనీ ముక్కలు కలుపుతోంది. మా దగ్గర సుజనీని ఒకే గుడ్డగా కుట్టరు. నాలుగు సన్న పట్టీలను వదులుగా జోడించి, దాని మీద ముగ్గుగీసేవాడు బొమ్మ మొత్తం గీస్తాడు. తర్వాత పట్టీలు విడదీసి ఇంటి ఆడవాళ్లకు తలా ఒకటి పంచుతారు. అందరివీ అయ్యాక మళ్లీ కలిపి కుడతారు. నడిమి పెద్ద ఎర్రపువ్వులో ఎడమ సగం సవ్రిది, కుడి సగం ఆమె తోడికోడలు జెబోది.

మస్తురా రెండు పట్టీల అంచులు ఆనించి చూసి మూతి తిప్పింది. "చూడవే. ఒక్క పువ్వే. రెండూ ఎలా తగువు పడుతున్నాయో. నీ సగం ఒక పోగు కిందికి జారింది, దానిది ఒక పోగు పైకెక్కింది."

"గీత ప్రకారమే కుట్టాను అత్తమ్మా."

"అదీ గీత ప్రకారమే కుట్టింది. ఇద్దరూ గీత ప్రకారమే కుట్టారు. చేతులు వేరు కదా. పువ్వేం చేసిందీ పాపం. మొత్తం నువ్వే కుట్టుంటే, లేదా మొత్తం అదే కుట్టుంటే, ఈ బాధ ఉండేది కాదు."

సవ్రి చేతిలో సూది ఆగిపోయింది. శరత్తు పలకలన్నీ తన కన్ను. వసంతం పలకలన్నీ ఎర్నా కన్ను. రెంటినీ తిప్పలేదు. గెంతింది నక్షత్రమా, కన్నా?

"ఏమే, అలా రాయిలా కూర్చున్నావేం?" అంది అత్త.

"అత్తమ్మా, ముప్పై రెండు కాంతి సంవత్సరాలూ మన పువ్వే అయ్యుంటుంది," అని లేచి చెప్పులు వేసుకుంది. మస్తురాకు ఆ మాట ముక్క కూడా అర్థం కాలేదు. అయినా అడ్డు చెప్పలేదు.

నాలుగు రోజుల పాటు ఆఫీసు తెరవడానికి రెండు గంటల ముందే సవ్రి గుట్టెక్కింది. శరత్తు పలకలూ వసంతం పలకలూ మొత్తం పద్దెనిమిది తానే కొలిచింది, ప్రతిదీ తిప్పి మళ్లీ కొలిచింది. మొదటి పలకలోనే తేలిపోయింది. మామూలుగా పెడితే ఆమె కన్ను పెద్ద చుక్కను ఒకటిన్నర మైక్రాను ఎడమకు లాగుతోంది. తిప్పితే కుడికి. రెండూ కలిపితే, రెండు కాలాల పలకల్లోనూ నక్షత్రం కదలకుండా కూర్చుంది. పక్కిల్లు కాదు కదా, మా పనిముట్లకు అందే దూరంలోనే అది లేదు.

అంకెల కాగితం తీసుకుని తిన్నగా డైరెక్టరు గదికి వెళ్లింది.

"దొమ్లో, ఆ నక్షత్రం దగ్గరది కాదు."

తుగ్రల్ నియాజోవిచ్ కాగితం చదివాడు. చదవడం వచ్చినవాడే కాబట్టి ముఖం పాలిపోయింది. అయినా కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు.

"నిన్ను ఎవరు తిప్పమన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే తిప్పాను."

"ఆదేశం గోడ మీద ఉంది. చదవలేదా?"

"చదివాను. నక్షత్రమే చదవలేదు."

అతను లేచి తలుపు మూశాడు. గొంతు తగ్గించాడు. "చూడు సవ్రినిసో. ఈ ఒక్క అంకె వల్ల ఈ గుట్ట బతుకుతుంది. పెద్ద అద్దం వస్తుంది. నీళ్లొస్తాయి. ఇరవై మంది ఉద్యోగాలు నిలబడతాయి, నీది కూడా. తర్వాత ఎవరో నెమ్మదిగా మళ్లీ కొలుస్తారు, సరిదిద్దుకుంటారు. సైన్సులో అది మామూలే. సంతకం పెట్టు."

"తప్పని తెలియక పెట్టుంటే అది మామూలే దొమ్లో. తెలిసి పెడితే దానికి వేరే పేరుంది."

"నువ్వొక కొలిచే మనిషివి. దూరం ఎంతో చెప్పాల్సింది నేను."

"చెప్పండి, ఎవరొద్దన్నారు. కానీ కింద నా పేరెందుకు?"

"పెట్టకపోతే ఈ యంత్రం ముందు కూర్చోవు. పలకలు కడిగే గదికి పోతావు."

"కడుగుతాను," అంది సవ్రి. ఆ గదిలో జరిగిందంతా ఆమే తర్వాత అందరికీ చెప్పేది, ఏమీ దాచుకోకుండా. పన్నెండేళ్లుగా ఆ సూక్ష్మదర్శిని ముందున్న ముక్కాలిపీట ఆమెకు సొంతింటికన్నా ఎక్కువ. దాన్ని పోగొట్టుకుంటానన్న భయం, గదిలోంచి బయటికొచ్చినప్పుడు ఆమె ముఖం మీద అందరికీ కనిపించింది.

భోజనశాలలో ఎర్నా కార్లోవ్నా ఎదురుపడింది. షూర్బా సూపు గిన్నె బల్ల మీద దడాలున పెట్టింది.

"అంటే నా కన్ను వంకరని ఊరంతా చాటుతున్నావన్నమాట."

"నాదీ వంకరే ఎర్నా అపా," అంది సవ్రి, అక్కలను మా వైపు పిలిచే పిలుపుతోనే. "మీది కుడికి, నాది ఎడమకి. ఎవరి దారిన వాళ్లు బాగానే కొలిచాం. రెండూ కలిపి అతికించడమే తప్పు."

"నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు నీకు పాలపళ్లు కూడా ఊడలేదు."

"నిజమే అపా. అందుకే మీరే ఒక్క పలక తిప్పి చూడండి. నా మాట నమ్మొద్దు."

"నేనెందుకు తిప్పాలి?" అని ఎర్నా కార్లోవ్నా వెళ్లిపోయింది. షూర్బా మాత్రం తాగలేదు.

సవ్రినిసో కడిగే గదిలో చేరింది. చన్నీళ్లూ మందుల కంపూ. వేళ్లు పగిలి సూది పట్టడానికి రాలేదు. ఊళ్లోవాళ్లు ముఖం తిప్పుకున్నారు. మా నక్షత్రాన్ని మాకు కాకుండా చేసిందని వాళ్ల కడుపుమంట. వంటవాడు హోల్మత్ అయితే అందరి ముందూ అన్నాడు, "దగ్గరి చుట్టాన్ని గెంటేసిన మనిషి వచ్చింది, ఒక గరిటె తగ్గించండి" అని.

"చుట్టమో కాదో నేను కొలిచి చెప్పాను. నువ్వు కొలవకుండానే పలావు వండావు. గిన్నె నిండా వెయ్," అంది సవ్రి. అతను వేశాడు.

రజబ్ లారీ దిగి ఇంటికొచ్చి అంతా విన్నాడు. "ఒక్క సంతకమే కదే," అన్నాడు. అతనికి జవాబు సవ్రి చెప్పలేదు, అతని తల్లి చెప్పింది. "నా కోడలు కుట్టని సగానికి నా కోడలి పేరు ఎందుకు చెబుతాన్రా? పోయి కాళ్లు కడుక్కో."

నిపుణుల బృందం సోమవారం వస్తుందనగా శుక్రవారం నాడు డైరెక్టరు మళ్లీ పిలిపించాడు. ఆ కాగితం బల్ల మీద ఉంది. ఎడమ మూలన ఎర్నా సంతకం, కుడి మూలన ఖాళీ. పక్కన పెన్ను మూత తీసి పెట్టి ఉంది.

"చివరిసారి అడుగుతున్నా," అన్నాడు.

"పెడతాను దొమ్లో. ఒక షరతు. మీరే ఒక పలక కొలవండి. మామూలుగా ఒకసారి, తిప్పి ఒకసారి. రెండూ ఒకటే వస్తే ఇక్కడే, మీ ముందే పెడతాను."

పలక తెమ్మని అతను అనలేదు. అనకపోవడంతోనే సవ్రికి తెలిసిపోయింది, అతను ఎప్పుడో కొలుచుకున్నాడని. ఒక్కడే కూర్చుని, తలుపేసుకుని, తిప్పి చూసుకునే ఉంటాడు.

"ఈ గడి ఖాళీగా పంపలేను సవ్రినిసో. దూరం రాయాల్సిన చోట ఏం రాయమంటావు?" ఈసారి అతని గొంతులో బెదిరింపు లేదు.

"గీత పెట్టండి. మా కొలతకు అందలేదని."

"గీత కోసం ఎవడూ అద్దం ఇవ్వడు."

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎర్నా కార్లోవ్నా. ఎప్పుడూ గంజితో నిలబడే కాలరు ఆ రోజు నలిగి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎవరినీ పలకరించలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి, మూత తీసి ఉన్న ఆ పెన్నే తీసుకుని, తన సంతకం మీద అడ్డంగా ఒక గీత గీసింది. కొలబద్ద పెట్టి గీసినంత తిన్నగా.

"పద్దెనిమిది పలకలూ తిప్పాను. నా కన్ను కుడికే పోతుంది. ముప్పై ఏళ్లలో నాకెవరూ ఈ మాట చెప్పలేదు," అంది. తర్వాత సవ్రి వైపు తిరిగి, "నువ్వు కూడా కాస్త మర్యాదగా చెప్పి ఉండాల్సింది," అంది.

"మర్యాదగానే చెప్పాను అపా. మీరే షూర్బా వదిలేసి పోయారు."

సోమవారం బృందం వచ్చింది. దగ్గరి నక్షత్రం లేదని తెలిసి రెండు కప్పుల టీ తాగి దిగిపోయింది. పెద్ద అద్దం రాలేదు. నీళ్ల గొట్టం ఇంకో తొమ్మిదేళ్లకు గానీ రాలేదు. ఆవిడ వైపు లేనివాళ్లు ఇక్కడే గొంతు పెంచుతారు. పెంచనివ్వండి. గుట్టనైతే ఎవరూ మూయలేదు.

సవ్రినిసో పద్నాలుగు నెలలు కడిగే గదిలోనే ఉంది. తుగ్రల్ నియాజోవిచ్‌కు ఆమెను వెనక్కి పిలవడానికి మనసు రాలేదు, ఆమెకు అడగడానికి నోరు రాలేదు. చివరికి పలకలు గుట్టలుగా పేరుకుపోయి ఎర్నా ఒక్కతే కొలవలేనని చెప్పేసరికి పిలిచాడు.

"వస్తాను. కానీ గోడ మీద ఇంకో కాగితం అంటించాలి. ప్రతి పలకనూ తిప్పి కొలవాలని. కింద మీ సంతకంతో," అంది.

అతను రాసి, సంతకం పెట్టి, తనే జిగురు పూసి అంటించాడు. అది పసుపు పచ్చబడి ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది.

తర్వాత ఎప్పుడో కేంద్రంలో నక్షత్రాల జాబితా లావుపాటి పుస్తకంగా అచ్చయింది. మా గుట్టకు ఒక ప్రతి వచ్చింది. సవ్రినిసో ఉద్యోగం మానేసిన ఏడాది, బడిపిల్లల్ని తీసుకుని గుట్టెక్కిన పంతులమ్మ ఒకావిడ ఆమెను అడిగింది, "మీరు ఇన్నేళ్లు కొలిచారు కదా అపా, ఈ పుస్తకంలో మీదేది, చూపిస్తారా?" అని.

సవ్రినిసో వేలు తడి చేసుకుని పేజీలు తిప్పింది. ఆమె కొలిచిన నక్షత్రాలు అందులో నాలుగు వందలకు పైగా ఉన్నాయి. అంకెలు బారులు తీరిన పేజీలన్నీ దాటుకుంటూ పోయి, ఒకచోట ఆగి, వేలు పెట్టింది. దూరం రాయాల్సిన గడిలో అంకె లేదు. చిన్న అడ్డగీత ఉంది.

"ఇక్కడేమీ లేదు కదా," అంది పంతులమ్మ.

"అందుకే చూపిస్తున్నా. ఇక్కడ ముప్పై రెండు అని రాయమన్నారు," అంది సవ్రినిసో.